మీకు తెలుసా? నాటు విత్తనం గుట్టు

● హైబ్రిడ్ కాయ గింజ నాటితే తల్లి మొక్క గుణాలు చెదిరిపోతాయి. పరాయి రకం పుప్పొడి సోకకుంటే నాటు గింజ తరతరాలకూ అదే రూపు, అదే రుచి ఇస్తుంది.

● టమాటా, చిక్కుడు ఎక్కువగా సొంత పుప్పొడితోనే కాస్తాయి. గింజలు దాచడం కొత్తగా మొదలుపెట్టేవారికి ఇవే సులువు.

● గుమ్మడి, సొర పూలకు పుప్పొడి మోసేది కీటకాలే. రకం చెడకూడదంటే మగ, ఆడ పూలను విచ్చుకోకముందే గుడ్డతో కట్టి, విచ్చాక చేత్తో పుప్పొడి అద్ది, మళ్లీ కట్టాలి.

● టమాటా గింజ చుట్టూ ఉన్న జిగురు మొలకను ఆపుతుంది. గుజ్జును రెండు మూడు రోజులు పులియబెట్టి కడిగితే అది వదులుతుంది. తర్వాత నీడలో ఆరబెట్టాలి.

● రెక్కల చిక్కుడులో ఆకు, పువ్వు, లేత కాయ, గింజ, దుంప అన్నీ తినదగినవే.

● ఉడుపి దగ్గరి మట్టు గ్రామంలో పండే గుండ్రటి పచ్చ వంకాయ ‘మట్టు గుళ్ల’. దీని విత్తనాలు మధ్వ గురువు వాదిరాజ స్వామి ప్రసాదమని అక్కడివారి నమ్మకం. దీనికి 2011లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

● తన పంట విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును 2001 నాటి చట్టం మన రైతుకు ఇచ్చింది. బ్రాండు పేరు తగిలించకుండా అమ్ముకోవచ్చు కూడా.