తాతగారి తుపాకి ఎవరిది?

పల్లెటూళ్ళలోని పాత లోగిళ్ళలో కొయ్యబీరువాలలోను, అక్కడక్కడ దేవుడి గదిలోను ఈనాటికీ జంటగొట్టాల తుపాకులు కనిపిస్తూనే ఉంటాయి. అడవి పందుల బారి నుండి చెరకు తోటను కాపాడుకొనేందుకో, వేట సరదాకో, ఊరిలో పెద్దరికానికో ఒకనాడు ఇంటి యజమాని లైసెన్సు పొంది కొన్నదది. ఆయన గతించారు. కుమారులు ఉద్యోగరీత్యా పట్టణాలు చేరారు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు దానికి కుంకుమబొట్టు పెట్టడం తప్ప దానితో ఎవరికీ నిమిత్తం లేదు. అది ఎవరిదని అడిగితే, “నాన్నగారిది, ఇప్పుడు మాది” అంటారు. న్యాయదృష్టితో చూస్తే ఈ సమాధానం సగమే నిజం.

పొలము, బంగారము, ఇల్లు వారసులకు సంక్రమించినట్లే తుపాకి కూడా ఆస్తిగా సంక్రమిస్తుంది. అయితే, దానిని దగ్గర ఉంచుకొనే హక్కు మాత్రం సంక్రమించదు. ఆ హక్కు లైసెన్సు వల్ల కలిగేది. లైసెన్సు వ్యక్తి పేరిట ఇచ్చేది. ఆ వ్యక్తితోనే అది ముగుస్తుంది. యాజమాన్యం వేరు, స్వాధీనం వేరు అన్న ఈ చిన్న భేదం తెలియకపోవడం వల్లనే, ఎన్నడూ తుపాకి పేల్చి ఎరుగని సాధుజనులు సైతం నేరస్థుల జాబితాలోకి వెళ్ళవలసి వస్తోంది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకొన్న నేరానికి 2019 సవరణ తరువాత సాధారణంగా రెండేళ్ళకు తగ్గని, అయిదేళ్ళ వరకు పొడిగించదగిన ఖైదు విధించవచ్చు.

ఈ చట్టానికి ఒక చరిత్ర ఉంది. లిట్టన్ ప్రభువు కాలంలో, 1878లో, బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టాన్ని తెచ్చి భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. యూరోపియనులకు మాత్రం మినహాయింపు లభించింది. ఈ అవమానం జాతీయోద్యమ నాయకుల మనసులలో ఎంతగా నాటుకొన్నదంటే, 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా చేర్చారు. స్వతంత్ర భారతం రాజ్యాంగంలో ఆ హక్కును చేర్చలేదు. 1959లో కొత్త చట్టం చేసి, 1962 అక్టోబరు 1 నుండి అమలులో పెట్టింది. నేడు వర్తించే నియమావళి 2016 నాటిది.

ఇక అసలు సంగతి. తుపాకి అక్కరలేనివారు ఏమి చేయాలి?

చట్టంలోని 21వ సెక్షను ఇందుకు మార్గం చూపుతుంది. లైసెన్సు గడువు తీరడం వల్ల గాని, రద్దు కావడం వల్ల గాని, మరే కారణం చేతనైనా గాని స్వాధీనం చట్టవిరుద్ధమైతే, ఆయుధాన్ని, తూటాలను అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసు ఠాణా అధికారికి గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారికి గాని అప్పగించాలి. సైనికోద్యోగులు తమ దళం ఆయుధాగారంలో కూడా ఉంచవచ్చు. “ఠాణాలో ఇస్తే ఇక పోయినట్లే” అని చాలామంది వెనుదీస్తారు. ఇది సరికాదు. అప్పగించడం అంటే వదులుకోవడం కాదు. నిర్ణీత గడువులోగా లైసెన్సు సంపాదించుకొంటే డిపాజిటుదారు తుపాకిని తిరిగి తీసుకోవచ్చు. లేదా అర్హత గల మరొకరికి అమ్మించి, ఆ సొమ్ము తాను పొందవచ్చు. అతడు మరణిస్తే ఈ హక్కు అతని వారసులకు ఉంటుంది. గడువు దాటేదాకా ఊరకుంటేనే జిల్లా మేజిస్ట్రేటు దానిని ప్రభుత్వానికి జప్తు చేస్తారు. అప్పుడైనా ముందు నోటీసు ఇచ్చి, సంజాయిషీకి ముప్పది రోజులు వ్యవధి ఇవ్వాలి.

లైసెన్సు సక్రమంగా ఉన్నవారు తమ సొంత తుపాకిని అమ్మదలచుకొంటే వ్యాపార లైసెన్సు అవసరం లేదు. కొనేవారికి తగిన లైసెన్సు ఉండాలి. వారి పేరు, చిరునామా తెలుపుతూ జిల్లా మేజిస్ట్రేటుకు గాని సమీప ఠాణా అధికారికి గాని లిఖితపూర్వకంగా తెలియజేసి, కనీసం నలభై అయిదు రోజులు ఆగాలి. ఈ వ్యవధి కాగితాల కోసం కాదు; కొనేవారి పూర్వాపరాలు విచారించడానికి అధికారులకు అవకాశం ఇవ్వడం కోసం. బంధువు గదా, స్నేహితుడు గదా అని చేతికిచ్చి పంపడం ఈ నిబంధనను ఉల్లంఘించడమే.

కుటుంబ జ్ఞాపకంగా నిలుపుకోదలచిన వారికి కూడా దారి ఉంది. 2016 నిబంధనల ప్రకారం, యజమాని మరణానంతరం వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. యజమాని జీవించి ఉండగానే, డెబ్బది ఏళ్ళు నిండినప్పుడు గాని, ఆ ఆయుధం ఇరవై అయిదేళ్ళు తన వద్ద ఉన్నప్పుడు గాని, ఏది ముందైతే అప్పుడు, తాను సూచించిన వారసుని పేరిట మార్పించవచ్చు. పెద్దలు బ్రతికి ఉండగానే ఈ పని జరిగితే వారసులకు ఎంతో తిప్పలు తప్పుతుంది. కాని మన ఇళ్ళలో వీలునామా మాట ఎత్తడానికే సంకోచిస్తాం. తుపాకి మాట ఎవరు ఎత్తుతారు?

ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. 1983 సవరణ ఒక వ్యక్తికి మూడు తుపాకుల దాకా అనుమతించింది. 2019లో దానిని రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చినవాటికీ ఇదే హద్దు. మిగిలినదానిని అప్పగించడానికి ఒక సంవత్సరం గడువిచ్చారు. ఆ గడువు ఏనాడో తీరింది.

పైకప్పు కింద తుప్పుపట్టిన తుపాకి సంగతేమిటి? మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న, వాడుక పోయిన లేదా పురావస్తు విలువ గల ఆయుధానికి 45వ సెక్షను మినహాయింపు ఇస్తోంది. కాని ఆ నిర్ణయం ఇంటివారు చేసుకొనేది కాదు. కమ్మరి చేత గొట్టం కోయించి “పనికిరాకుండా చేశాం” అనడం మరీ ప్రమాదం: లైసెన్సు లేకుండా గొట్టాన్ని పొట్టి చేయడం ఒక నేరం, దానిపై ఉన్న సంఖ్యను చెరపడం మరొక నేరం. పాత తూటాలను బావిలో వేయడం, పొయ్యిలో కాల్చడం గురించి చెప్పనక్కరలేదు. లోపలి మందు ఏ స్థితిలో ఉన్నదో చూసి చెప్పగలవారు తక్కువ. వాటిని కదిలించే ముందే ఠాణాకు కబురు చేసి, ఎలా తీసుకురావాలో అడగడం మేలు.

కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో కొడవలకు, జమ్మా భూములు గలవారికి లైసెన్సు నుండి మినహాయింపు ఉంది. 2029 వరకు దానిని పొడిగించారు. అక్కడ కైల్‌పోద్ పండుగనాడు తుపాకికి పూజ జరుగుతుంది. అయినా ఆ మినహాయింపు మనుషులకే గాని తుపాకికి కాదు. మినహాయింపు లేనివారి చేతికి వచ్చిన క్షణాన లైసెన్సు అవసరం ఏర్పడుతుంది.

ఠాణాలో అప్పగించేటప్పుడు మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం వెంట తీసుకువెళ్ళాలి. రసీదులో తుపాకి రకం, గొట్టం కొలత, సంఖ్య, తూటాల లెక్క, తేదీ స్పష్టంగా రాయించుకోవాలి. దాని నకలును ఒక ఉత్తరంతో జతచేసి లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి పంపితే, వారి దస్త్రాలలో తాతగారి పేరిట ఉన్న తుపాకి ఎక్కడ ఉన్నదో నమోదవుతుంది.