తూకివాకం దాటితే సముద్రమే

సముద్రం ఎక్కడని తిరుపతి వాళ్లనడిగితే నెల్లూరు వైపో మద్రాసు వైపో చెయ్యి చూపిస్తారు. మన స్నానాల గదుల్లోంచి జారే నీళ్లకు ఆ దారి ఎప్పటినుంచో తెలుసు.

పాకాల దగ్గరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా 130 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాళహస్తిలో ఉత్తరవాహిని అని భక్తులు కొలిచేది ఈ ఏటినే. చిత్తూరుదీ అదే కథ. ఊళ్లోని నీవా నది పాలారులో కలిసి, తమిళనాడులో కల్పాక్కం దగ్గర సముద్రం చేరుతుంది. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, నాయుడుపేటలతో కలిపి తిరుపతి జిల్లా ఏర్పడింది. నాటి నుంచి సముద్రాన్ని ఆనుకున్న పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం బాధ్యత కూడా ఈ జిల్లాది.

లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలని, అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజనీర్లు అంచనా వేసుకుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగరంలో ఉన్న 2.87 లక్షల మందికే అది రోజుకు మూడు కోట్ల లీటర్లు దాటుతుంది. రోజూ కొండకొచ్చే వేలాది భక్తుల వాడకం దానికి అదనం. ఈ నగరానికి ఆధారం తూకివాకంలోని మురుగు శుద్ధి కేంద్రం. అక్కడికి చేరిన మురుగును జల్లెడ పట్టి, ఇసుక తేర్చి, గాలి అందిస్తే సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. చేరని మురుగు సంగతే నన్ను వేధిస్తోంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజూ పుట్టే మురుగు 7,236 కోట్ల లీటర్లు. శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే.

శుద్ధి చేసి ఏట్లో వదిలితే సరిపోతుందా? 1912లో బ్రిటిష్ రాయల్ కమిషన్ మురుగునీటికి తొలి ప్రమాణాలు పెట్టినప్పుడు, దానికి కనీసం ఎనిమిదింతల శుభ్రమైన నది నీళ్లు కలవాలని షరతు పెట్టింది. స్వర్ణముఖిలో ఆ నీళ్లెక్కడివి? ఈశాన్య రుతుపవనాల వానలు పోయాక మిగిలేది ఇసుకే. ఎండిన ఏట్లో వదిలిన మురుగే ఏరవుతుంది. కొంత ఇసుకలోకి ఇంకి ఒడ్డునున్న బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. మిగతాది గుంటల్లో నిలిచి గుర్రపుడెక్కకు ఎరువై, 2021 నవంబరులో వచ్చినటువంటి వరద రాగానే ఒక్కసారిగా కడలిలో పడుతుంది. ఆ నత్రజని, భాస్వరం నదీముఖంలో నాచును పెంచుతాయి. నాచు కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తరుగుతుంది. చేప పిల్లలు, రొయ్య పిల్లలు ఎదిగే చోటే వాటికి ఊపిరాడదు. నష్టం మనకు కనిపించదు, వలేసే వాళ్లకు కనిపిస్తుంది.

అందుకే శుద్ధి చేసిన నీటిని ఏటికి వదలకుండా వాడుకోవాలంటాను. మనలాగే తెలుగుగంగ నీళ్ల కోసం ఎదురుచూసే చెన్నై 2019లో కోయంబేడు, కొడుంగయ్యూరు కేంద్రాల్లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగును మళ్లీ వడకట్టి పరిశ్రమలకు అమ్మడం మొదలుపెట్టింది. ఎక్కడో శ్రీశైలం నుంచి తెచ్చుకునే నీళ్లను ఒక్కసారి వాడి పారబోసే స్తోమత కరువు సీమకు లేదు. రేణిగుంట పరిశ్రమలు, పార్కులు, తోటలు ముందు ఈ నీళ్లు తీసుకోవాలి.

మీ వీధిలో భూగర్భ మురుగు (యూజీడీ) గొట్టం పడి ఉంటే ఈ వారమే కనెక్షన్ పెట్టించుకోండి. మీ ఇంటి పైపు వాననీటి కాలువలోకి ఉంటే మూయించండి. ఆ నీళ్లు తూకివాకం ముఖం చూడకుండానే స్వర్ణముఖిలోకి దిగిపోతున్నాయి.