కాపాడినవాడి ప్రేమకు ఖరీదెంత?

రౌడీ ఒకడు. చేతికి రక్తం అంటినవాడు. వాడి బతుకులోకి ఏ పాపమూ ఎరుగని ఒక అమ్మాయి వస్తుంది. ఆమెను కాపాడుకునే ప్రయత్నంలో వాడు కాస్తా మనిషైపోతాడు. మనకీ కథ కొత్తేం కాదు. సినిమా తెరమీద ఎన్నిసార్లు చూసినా చివర్లో పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంటూనే బయటికొచ్చాం.

ఇప్పుడా అమ్మాయి స్థానంలో ఒక అబ్బాయిని ఊహించుకోండి. కాపాడేవాడూ మగవాడే, వాడు ప్రేమించేదీ మగవాణ్ణే. ‘ఇదేం కథమ్మా’ అని పేజీ తిప్పేయాలనిపిస్తోందా? కాస్త ఆగండి. ఇలాంటి కథల్ని ఇష్టపడి రాసేవాళ్లలోనూ, ఇష్టపడి చదివేవాళ్లలోనూ ఆడవాళ్లు చాలామందే ఉన్నారు మరి! జపాన్‌లో మోటో హాగియో లాంటి రచయిత్రులు 1970ల నుంచే మగపిల్లల మధ్య ప్రేమను బొమ్మల కథలుగా గీశారు. అకిమి యొషిదా అనే మరో రచయిత్రి 1985 నుంచి 1994 దాకా ‘బనానా ఫిష్’ అనే సీరియల్ నడిపింది. న్యూయార్క్ వీధుల్లో ముఠా నాయకుడైన ఒక కుర్రాడు, జపాన్ నుంచి వచ్చిన అమాయకుడైన యువకుణ్ణి ప్రాణానికి ప్రాణంగా కాచుకోవడమే ఆ కథ. అది వచ్చింది ఆడపిల్లల పత్రికలో!

ఎందుకిలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కాపాడబడేది ఆడదైతే కాపాడేవాడి అధికారం మన కంటికి ఆనదు. ‘ఎక్కడికెళ్తున్నావు, ఎవరితో మాట్లాడావు, నే చెప్పినట్టు విను, అంతా నీ మంచికే’... ఇవన్నీ మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాటలే కదా. అవే మాటలు ఒక మగవాడు ఇంకో మగవాడితో అన్నప్పుడు ఉలిక్కిపడతాం. అప్పుడుగానీ వాటి బరువు తెలియదు.

ఈ కథలన్నింటికీ తాతలాంటి కథ ఒకటుంది. ఫ్రాన్సు దేశపు నవలాకారుడు బాల్జాక్ (1799–1850) రాసింది. ఒక్క నవలలో కాదు, మూడు నవలల్లో సాగుతుంది. అందులో నేరస్థుడి అసలు పేరు జాక్ కొలాన్. పాఠకులకు గుర్తుండిపోయిన పేరు మాత్రం వోత్రాన్. చావును మోసం చేసినవాడని జైళ్లలో వాడికి మారుపేరు.

‘పేర్ గోరియో’ (1835) నవలలో వాడు మనకి మొదటిసారి కనిపిస్తాడు. పారిస్‌లో ఒక చౌకరకం భోజన వసతి గృహం. అందులో నలభై ఏళ్ల మనిషి, జులపాలకు రంగేసుకుని అందరితో జోకులేస్తూ తిరుగుతుంటాడు. నిజానికి జైలునుంచి పారిపోయి వచ్చిన ఖైదీ. దొంగలంతా తమ సొమ్ము వాడి దగ్గర దాచుకుంటారు. అదే ఇంట్లో రాస్తిన్యాక్ అనే పేద విద్యార్థి ఉంటాడు. వాడికో బేరం పెడతాడు వోత్రాన్. ఫలానా అమ్మాయిని నువ్వు పెళ్లి చేసుకో, ఆస్తంతా ఆమెకే వచ్చేట్టు ఆమె అన్నను నేను చంపిస్తాను, నా వాటా నాకివ్వు అని. కుర్రాడు వద్దంటాడు. అయినా ఆ అన్న ద్వంద్వయుద్ధంలో చచ్చిపోనే పోతాడు!

వోత్రాన్‌ను పట్టుకోవడానికి వచ్చిన పోలీసు అధికారి మాటల్లో అసలు గుట్టు బయటపడుతుంది. వీడికి ఆడవాళ్లంటే ఇష్టం ఉండదట. వీడు జైలుకెళ్లింది కూడా తను చేసిన నేరానికి కాదు. ఒక అందమైన ఇటాలియన్ కుర్రాడు దొంగ సంతకం చేస్తే, ఆ కుర్రాడి మీద ఇష్టంకొద్దీ నేరం తన మీద వేసుకున్నాడు. బాల్జాక్ ఇంతకుమించి తెరిచి చెప్పడు. 1791లో వచ్చిన కొత్త శిక్షాస్మృతి నుంచి ఫ్రాన్సులో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది. కానీ నేరం కాకపోవడం వేరు, నలుగురిలో నోరువిప్పి చెప్పగలగడం వేరు. ఈ తేడా మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన దేశంలో 1860 నాటి 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న కోరలు తీసి పక్కన పెట్టింది. అయినా ఎన్ని ఇళ్లలో ఈ మాట ఎత్తగలం చెప్పండి?

రెండో నవలలో లూసియెన్ వస్తాడు. చిన్న ఊళ్లో మందుల కొట్టు నడిపినాయన కొడుకు. అందగాడు, కవిత్వం రాస్తాడు, మనసు మెతక, నిలకడ లేదు. పారిస్ వెళ్లి పేరు సంపాదిస్తానని చెప్పి, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. చాలక బావగారి పేరుమీద దొంగ సంతకాలతో మూడు వేల ఫ్రాంకుల నోట్లు రాశాడు. ఆ అప్పుకి బావ జైలు పాలయ్యాడు. చెల్లెలి ముఖం చూడలేక ఏట్లో పడి చచ్చిపోదామని బయలుదేరాడు. దారిలో గుర్రబ్బండి దిగి నడుస్తున్న ఒక స్పానిష్ మతగురువు ఎదురయ్యాడు. వోత్రానే! ఆ పేరుగల అసలు మతగురువును చంపి, ఆయన వేషంలో తిరుగుతున్నాడు.

ఆ రోడ్డుమీద వాళ్లిద్దరి సంభాషణ ఉంది చూడండి, అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. చావబోయేవాణ్ణి ఆపాడు, చుట్ట ఇచ్చాడు, బండెక్కించాడు, అప్పు తీర్చుకోమని 15,000 ఫ్రాంకులు ఇంటికి పంపించాడు. (పాపం, ఆ డబ్బు చేరేసరికే బావ తను కనిపెట్టిన కాగితం తయారీ కిటుకును పోటీదారులకు రాసిచ్చేశాడు.) ఇంత చేసినవాడు బదులుగా ఏమడిగాడు? డబ్బు కాదు. భార్య భర్తకు లోబడినట్టు, బిడ్డ తల్లికి లోబడినట్టు తనకి లోబడి ఉండమన్నాడు. నీ సుఖమే నా సుఖం, నువ్వు గెలుస్తుంటే నేను చీకట్లో నిలబడి చూసుకుంటానన్నాడు. లూసియెన్ సరేనన్నాడు. చచ్చిపోబోతున్నవాడు దేనికి సరేననడు?

పెళ్లిచూపుల్లో మన తరఫు పెద్దలు మాట్లాడుకునేదీ దాదాపు ఇదే ఒప్పందం కాదూ? కాకపోతే అక్కడ ఇంత బాహాటంగా చెప్పరు.

మూడో నవల 1838 నుంచి 1847 దాకా విడతలుగా వచ్చింది. ఇంగ్లీషులో ‘ఎ హార్లాట్ హై అండ్ లో’ పేరుతో దొరుకుతుంది. పేరుకి వేశ్యల కథ. నిజానికి ఈ ఇద్దరు మగవాళ్ల మధ్య నలిగిపోయిన ఎస్తేర్ అనే అమ్మాయి కథ. విమర్శకులు వోత్రాన్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ ఎస్తేర్ దగ్గర అంతగా ఆగరు. నాకు మాత్రం ఆమెను దాటి ముందుకెళ్లడం చేతకాలేదు.

ఎస్తేర్ వేశ్యావృత్తిలో ఉన్న పిల్ల. లూసియెన్‌ను ప్రేమించింది. వాడూ ప్రేమించాడు. వోత్రాన్‌కి ఇది తెలిసి ఏం చేశాడో చూడండి. ముందు ఆమెను క్రైస్తవ కన్యల మఠంలో పెట్టించాడు, చదువూ భక్తీ నేర్పించాడు. లూసియెన్ కనపడక ఆ పిల్ల చావుకి దగ్గరైంది. దాంతో దిగొచ్చి ఓ ఇల్లు తీసి అందులో పెట్టాడు. నాలుగేళ్లు! పగలు గడప దాటకూడదు, రాత్రిపూటే బయటి గాలి. ఇద్దరు నమ్మకస్తులైన ఆడవాళ్లు కాపలా. లూసియెన్ వచ్చి వెళ్తుంటాడు. వీళ్లకి కావలసినవన్నీ అమర్చేది వోత్రానే, తలుపు తాళం పెట్టుకునేదీ వాడే.

లూసియెన్‌కి గొప్పింటి సంబంధం కుదరాలంటే పది లక్షల ఫ్రాంకుల విలువైన ఎస్టేటు చూపించాలి. అంత డబ్బెక్కడిది? ఒక రాత్రి షికారుకి వచ్చిన ఎస్తేర్‌ను ముసలి బ్యాంకరు న్యూసింజెన్ చూసి మతి పోగొట్టుకున్నాడు. అంతే, వోత్రాన్ లెక్క కుదిరిపోయింది. ఆమెను ఆ ముసలాడికి అమ్మకానికి పెట్టాడు. లూసియెన్ వద్దనలేదు. బాధపడ్డాడు, నిజమే. అయితే ఏం? వద్దు అనే ఒక్క మాట వాడి నోట రాలేదు. ఎస్తేర్ వీలైనన్నాళ్లు ఆ బ్యాంకరును దూరం పెట్టి, తప్పనిసరైన ఒక్క రాత్రి తర్వాత విషం మింగింది. తలగడ కింద లూసియెన్ కోసం 7,50,000 ఫ్రాంకులు పెట్టి మరీ పోయింది. ఆమెకు వరసకు తాతయ్యే వడ్డీ వ్యాపారి ఒకడు అప్పటికే చనిపోయి, 70 లక్షల ఫ్రాంకుల ఆస్తి ఆమెకు దక్కింది. ఆ కబురు ఆమెకు చేరనే లేదు. ఒక్క రోజు... ఒక్క రోజు ఓపిక పడితే ఎవరికీ అమ్ముడుపోనక్కర్లేకపోయేది.

పనివాళ్లు ఆ తలగడ కింది డబ్బు కాజేశారు. నేరం లూసియెన్ మీదికీ వోత్రాన్ మీదికీ వచ్చింది. 1830 మేలో ఇద్దర్నీ జైల్లో వేశారు. న్యాయాధికారి నాలుగు తియ్యటి మాటలతో అడిగేసరికి లూసియెన్ మెత్తబడి, ఆ మతగురువు పారిపోయిన ఖైదీ అని చెప్పేశాడు. ఆ తర్వాత తను చేసిందేమిటో అర్థమైంది. చెప్పింది వెనక్కి తీసుకుంటూ కాగితం రాశాడు, వోత్రాన్‌కి ఒక ఉత్తరం రాశాడు, మెడకి కట్టుకునే గుడ్డతోనే ఉరేసుకున్నాడు. బయట గొప్పింటి ఆడవాళ్లు వాణ్ణి విడిపించడానికి పరుగులు పెడుతూనే ఉన్నారు. విడుదల దాదాపు ఖాయమైన సమయమది.

ఆ కబురు విన్నాక వోత్రాన్ కూలిపోయిన తీరు బాల్జాక్ తప్ప ఇంకెవరూ అలా రాయలేరేమో. హత్యలు చేసి కన్ను ఆర్పనివాడు, జైలు ముద్ర పోవడానికి వీపంతా తానే గాయాలు చేసుకున్నవాడు, ఆ శవం చెయ్యి పట్టుకుని వదల్లేకపోయాడు. లూసియెన్ చావు తన జీవితంలోని పెద్ద దుఃఖాల్లో ఒకటని 1889లో ఆస్కార్ వైల్డ్ ఒక వ్యాసంలో పాత్రచేత అనిపించాడు. ఆరేళ్లు తిరిగేసరికి, 1895లో, మగవాణ్ణి ప్రేమించిన నేరానికి ఇంగ్లండులో తనే రెండేళ్లు కఠిన శిక్ష అనుభవించాడు.

వోత్రాన్ ప్రేమ నిజమైనదా అంటే, నిజమైనదే. అందులో నాకేమీ సందేహం లేదు. మగవాణ్ణి ప్రేమించడం వాడి నేరం కాదు. లూసియెన్‌కి ఏం కావాలో ఒక్కనాడూ అడగకపోవడం, తన ప్రేమకయ్యే ఖర్చు ఎస్తేర్ చేత కట్టించడం... నేరాలంటే ఇవి. కథలు రాసేదాన్ని కాబట్టి ఇంకోటి కూడా గమనించాను. బాల్జాక్ వోత్రాన్‌కి పేజీలకొద్దీ మాటలిచ్చాడు. ఎస్తేర్‌కి చనిపోయే ముందు రాసుకున్న ఉత్తరంలోగానీ మనసు నిండా మాట్లాడే అవకాశం రాలేదు.

ఇక ప్రాయశ్చిత్తం సంగతి. మూడో నవల ఆఖరి భాగానికి బాల్జాక్ ‘వోత్రాన్ చివరి అవతారం’ అని పేరు పెట్టాడు. గొప్పింటి ఆడవాళ్లు లూసియెన్‌కి రాసిన ప్రేమలేఖలన్నీ వోత్రాన్ గుప్పిట్లో ఉన్నాయి. వాటిని అడ్డం పెట్టుకుని ప్రభుత్వ న్యాయవాదితో బేరానికి దిగాడు. మొదట అడిగింది తన ప్రాణం కాదు. జైల్లో ఒకప్పుడు తనతో ఒకే సంకెలకు కట్టిన థియోడార్ అనే కార్సికా యువకుడికి తల తీసే శిక్ష పడి ఉంది. వాణ్ణి బతికించమన్నాడు. తర్వాత తనకి పోలీసు ఉద్యోగం ఇమ్మన్నాడు. రెండూ దొరికాయి!

ఇది మరీ కట్టుకథలా ఉందనుకుంటారేమో. విడోక్ (1775–1857) అనే నిజమైన ఖైదీ నిజంగానే పారిస్‌లో నేర పరిశోధక విభాగాన్ని స్థాపించి నడిపాడు. 1828లో ఆత్మకథ కూడా వెలువరించాడు. బాల్జాక్‌కి స్వయంగా పరిచయస్తుడు. వోత్రాన్‌కి ముడిసరుకు అతనే.

వోత్రాన్ మారాడా? దొంగతనం మానేశాడు, దొంగల్ని పట్టాడు. ఎస్తేర్ విషయంలో వాడి మనసు తిరిగి ఎన్నడైనా కలుక్కుమందా అని వెతికాను. లూసియెన్ కోసం ఏడ్చిన ఏడుపులో నాలుగోవంతైనా ఆమె కోసం కనపడలేదు.

లూసియెన్ వీలునామాలో తన సమాధి ఎస్తేర్ పక్కన, ఒకేచోట ఉండాలని రాసుకున్నాడు. బతికుండగా కోరలేనిది అది. అంత్యక్రియలకి వోత్రాన్ వెళ్లాడు. గోతిలో పెట్టె మీద మట్టి గింజలు పడ్డ చిన్న చప్పుడుకే ఆ కొండలాంటి మనిషి స్పృహతప్పి పడిపోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఉద్యోగం చేసి 1845 ప్రాంతంలో రిటైరయ్యాడని ఒక్క వాక్యంలో తేల్చేశాడు బాల్జాక్.

చదవాలనుకున్నవాళ్లు ముందు ‘పేర్ గోరియో’తో మొదలుపెట్టండి. అది చిన్నది. ఇంగ్లీషులో తేలిగ్గా దొరుకుతుంది. మూడో నవలలో బ్యాంకరు వంకరటింకర యాస, పోలీసుల ఎత్తులు కాస్త విసుగు పుట్టిస్తాయి. అలాంటి పేజీలు తిప్పేసినా పరవాలేదు. ఎస్తేర్ ఉత్తరం మాత్రం వదలకండి.