పాలపిట్టను లెక్కపెట్టే చదువు డిగ్రీల ఉండాలె

దసరా నాడు పాలపిట్టను చూడకుంటే మనకు పండుగ అయినట్టే ఉండదు. జమ్మి ఆకు పంచుకునుడు, పాలపిట్టను చూసుడు తాతల నాటి ఆనవాయితీ. అదే మన రాష్ట్ర పక్షి. కానీ ఇయ్యాల కొన్ని జాగలల్ల దాన్ని పంజరంల పెట్టి తెచ్చి, పైసలు తీసుకొని చూపిస్తున్నరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. పాలపిట్ట ఎంత తగ్గింది? ఎందుకు తగ్గింది? మళ్ల పెరగాలంటే ఏం చెయ్యాలె? ఇసొంటి ప్రశ్నలకు జవాబు దేవులాడే శాస్త్రమే కన్జర్వేషన్ బయాలజీ. డిగ్రీల ఈ చదువు పేరుకు ఉన్నది గానీ పనికొచ్చేటట్టు లేదు. బీఎస్సీల జువాలజీ, బోటనీ చదివిన మనిషిగా నేను చెప్పే మాట ఇదే.

ఉత్త ప్రేమతోని అయ్యే పని కాదు

చెట్టంటే, పిట్టంటే ఇష్టముంటే సరిపోతదని చానామంది అనుకుంటరు. సరిపోదు. 1985ల మైఖేల్ సూలే అనే అమెరికా శాస్త్రవేత్త ఈ శాస్త్రానికి నిర్వచనం రాసిండు. దీన్ని ఆయన సంక్షోభ శాస్త్రం అన్నడు. యాక్సిడెంట్ అయిన మనిషిని తీసుకొస్తే అన్ని రిపోర్టులు వచ్చేదాకా డాక్టరు ఆగడు కదా, ఇది గూడ అట్లనే. పూర్తి సమాచారం లేకున్నా, తెలిసినంతల సరైన నిర్ణయం తీసుకోవాలె. అందుకే ఇందుల జీవశాస్త్రంతో పాటు లెక్కలు, చట్టం, జనం బతుకుదెరువు అన్నీ కలిసి ఉంటయి.

సుస్థిరత అనే మాట గూడ గంతే. 1987ల బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది ఏందంటే, మన అవసరాలు తీరాలె, రేపటి తరాల అవసరాలకు గండి పడొద్దు. మన చెరువును చూస్తే ఇది తేలిగ్గ అర్థమైతది. పొలానికి నీళ్లు, బెస్తోళ్లకు చేపలు, గొర్లకు తాగునీళ్లు, కొంగలకు తిండి, అన్నీ ఒక్క చెరువుల నుంచే రావాలె. ఒక్కరే మొత్తం గుంజుకుంటే మిగిలినోళ్లకు ఉండదు.

రాబందు చెప్పిన పాఠం

ఈ చదువు ఎట్ల పనికొస్తదో తెల్వాలంటే రాబందుల కథ చూడాలె. 1992 నుంచి 2007 నడుమ మన దేశంల తెల్లనడుము రాబందులు వెయ్యిల ఒక్కటి మిగిలినంతగా తగ్గినయి. మొదట రోగం అనుకున్నరు. 2004ల అసలు కారణం దొరికింది. అది డైక్లోఫెనాక్, పశువులకు నొప్పి తగ్గేటందుకు ఇచ్చే మందు. మందు వేసిన పశువు చచ్చిపోతే దాని మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు ఖరాబై పానం పోతది. 2006ల పశువులకు ఈ మందు వాడకుండ కేంద్రం నిషేధం పెట్టింది. దాని బదులు మెలోక్సికామ్ వాడొచ్చని పరీక్షలల్ల తేలింది.

నిషేధం పెట్టంగనే రాబందులు తిరిగి రాలే. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తయి, పిల్ల పెద్దదై జతకట్టేటందుకు ఏండ్లు పడ్తది. కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనబడ్డప్పుడు అంత సంబురపడ్డది అందుకే. ఒక్క మందు, ఒక్క పక్షి కథల పశువుల డాక్టరు, రసాయన శాస్త్రం, చట్టం, రైతు అందరూ ఉన్నరు. ఒక్క సబ్జెక్టు తెలిస్తే ఈ ముడి విప్పలేం.

లెక్క లేకుంటే పోయింది గూడ తెల్వదు

ఇగ పాలపిట్ట సంగతి. ప్రపంచ రెడ్ లిస్టుల దీనికి పెద్ద ప్రమాదం లేదనే రాసి ఉన్నది. కానీ 2023ల వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్టు మన దేశంల దీని సంఖ్య బాగా తగ్గిందని, హోదాను మళ్ల పరిశీలించాలని చెప్పింది. ఆ రిపోర్టు కోసం సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు రాసిపెట్టిన వివరాలతోని 942 జాతులను పరిశీలించిన్రు. అందుల విద్యార్థులు, ఉద్యోగులు, రిటైరైనోళ్లు ఉన్నరు.

ఈ పని డిగ్రీ పిల్లలు చెయ్యలేరా? నెలకొకసారి, అదే తొవ్వల, అదే పొద్దుల, అంతే సేపు నడిచి కనబడ్డ పిట్టలను రాయాలె. ఏదీ కనబడకున్నా సున్నా అని రాయాలె, ఎందుకంటే ఆ సున్నా గూడ సమాచారమే. మూడేండ్లు రాస్తే మార్పు మీద నాలుగు ప్రశ్నలు పుడ్తయి. తొర్రలున్న పాత చెట్లు కొట్టేసినందుకా? పురుగుల మందుతోని మిడతలు తగ్గినందుకా? అక్కడినుంచే అసలు చదువు షురువైతది.

కాగితం మీద ఫీల్డ్ వర్క్

పర్యావరణం అందరికీ చెప్పాలని సుప్రీంకోర్టు 1991లనే ఆదేశించింది. యూజీసీ 2003ల డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. అందుల మొత్తం 50 పీరియడ్లు ఉన్నయి, 100ల 25 మార్కులు ఫీల్డ్ వర్క్‌కే పెట్టింది. కానీ నేను చదివిన కాలేజీల ఫీల్డ్ వర్క్ అంటే క్లాసుల కూసోబెట్టి చార్టులు గీయించుడే. కాలేజీ గోడ ఎనుకనే కుంట ఉన్నా ఒక్కనాడు తీసుకపోలే. బస్సు ఖర్చు లేదు, పర్మిషన్ అక్కర లేదు. నడిస్తే ఐదు నిమిషాలు.

కొలువు వస్తదా?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిందే. సాఫ్ట్‌వేర్ లెక్క వేలల్ల కొలువులు లేవు. కానీ తొవ్వ అయితే ఉన్నది. సిద్దిపేట జిల్లా ములుగుల ఫారెస్ట్ కాలేజీ ఉన్నది. డిగ్రీ తర్వాత డెహ్రాడూన్‌ల వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరుల ఎన్‌సీబీఎస్ ఎమ్మెస్సీ చెప్తున్నయి. హైదరాబాద్ అత్తాపూర్‌ల సీసీఎంబీ ల్యాబ్ లాకోన్స్ జూపార్కుతో కలిసి మూషిక జింకలను పెంచితే, వాటిని అమ్రాబాద్ అడవిల వదిలిన్రు. ఈ పనులన్నిటికీ చదువుకున్న మనుషులు కావాలె.

ఊరి రిజిస్టరు పిల్లల చేతికియ్యాలె

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థల జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ఊరి చెట్లు, పిట్టలు, విత్తనాలు, మందు మొక్కలను ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌ల రాయాలె. ఆ రిజిస్టరును నింపే పని డిగ్రీ పిల్లలకిచ్చి, దానికి క్రెడిట్లు ఇయ్యాలె. గొర్లు కాసే తాతకు, బెస్తోళ్లకు, విత్తనం దాచే అవ్వకు తెలిసినంత మన పుస్తకాలల్ల లేదు. వాళ్లను అడిగి, వాళ్ల పేరుతోనే రాయాలె. సర్కారు, కాలేజీలు ఈ ఏడాదే మొదలుపెడ్తే ఊరికి లెక్క దొరుకుతది, పిల్లలకు చదువు దొరుకుతది. దసరా నాడు పాలపిట్టను పంజరంల కాదు, పొలం గట్టు మీద చూసే దినాలు రావాలంటే ఇక్కడినుంచే మొదలుకావాలె.