పరీక్షలో తప్పినవారును, విదేశ వైద్యశిక్షణయు

వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందు 2022వ సంవత్సరమునను, గద్వాలయందు 2024వ సంవత్సరమునను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఒకప్పుడు ఈ విద్యకై హైదరాబాదునకో కర్నూలునకో పోవలసిన మన ప్రాంతపు పిల్లలకు అది నేడు ఇంటిచెంతనే అభ్యసించు వీలు కలిగినది. ఇది సంతోషింపదగిన విషయము. అయినను కళాశాల చేరువైనంతమాత్రమున పరీక్షలు సులభములు కావు. మొదటి సంవత్సరమున అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలలో ఏదో యొకదానియందు తప్పువారు ఎల్లెడల నుందురు. అట్టివారికి విదేశములందు ఉన్నతశిక్షణ దొరకునా యని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. దొరకవచ్చును; కాని కొన్ని సంగతులు ముందుగా నెరుగవలెను. అమెరికా పద్ధతిని దృష్టాంతముగా గైకొని వానిని వివరింతుము.

వైద్యపట్టము పొందినవారు ఆసుపత్రియందు జీతముతో పనిచేయుచు ఒక శాఖలో పొందు శిక్షణకు రెసిడెన్సీ యని పేరు. సామాన్య వైద్యమునకు మూడేండ్లు, శస్త్రవైద్యమునకు ఐదేండ్లు పట్టును. అన్యదేశములలో చదివినవారు మొదట ఇ.సి.ఎఫ్.ఎం.జి. యను సంస్థవారి ధ్రువపత్రము సంపాదింపవలెను. అందులకై యు.ఎస్.ఎం.ఎల్.ఇ. పరీక్షలలో మొదటి భాగమును, రెండవ భాగమును గెలిచి, ఆంగ్లభాషా పరీక్షయందును నెగ్గవలెను. పిమ్మట సెప్టెంబరులో శిక్షణాలయములకు దరఖాస్తులు పోవును. పిలుపు వచ్చినవారిని ఆ యా శిక్షణాలయములవారు ప్రశ్నించి చూతురు. తుదకు అభ్యర్థులును శిక్షణాలయములును తమతమ కోరికలను వరుసగా వ్రాసియిచ్చినచో, ఆ రెండు పట్టికలను సరిపోల్చి మార్చిలో ఫలితము ప్రకటింతురు. దీనినే మ్యాచ్ అందురు. జూలైలో పని ప్రారంభమగును.

ఇక తప్పిన సంగతి. ఇది రెండు విధములు. కళాశాల పరీక్షలో తప్పుట యొకటి, యు.ఎస్.ఎం.ఎల్.ఇ.లో తప్పుట మరియొకటి. మొదటిది కళాశాలవారిచ్చు మార్కుల పత్రమునందు కానవచ్చును. రెండవది ఆ పరీక్షాసంస్థవారి పత్రమునందు ప్రతి ప్రయత్నముతో గూడ నమోదై యుండును. పట్టమును గూర్చి ఇ.సి.ఎఫ్.ఎం.జి. వారు నేరుగా కళాశాలనే అడిగి నిశ్చయించుకొందురు. కావున దాచుట సాధ్యము కాదు. రుసుము తీసికొని ఆ మచ్చను తుడిచివేయుదుమని చెప్పు మధ్యవర్తుల మాట నమ్మరాదు. పత్రములు మార్చినట్లు తేలినయెడల ఒక్క సంవత్సరమే గాదు, వైద్యవృత్తియే చేజారిపోవును.

ప్రయత్నములకును హద్దు కలదు. మనదేశ నియమముల ప్రకారము ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సర పరీక్షకు నాలుగు ప్రయత్నములకు మించి లేవు. యు.ఎస్.ఎం.ఎల్.ఇ. ఒక్కొక్క భాగమునకును అంతియే. 2022వ సంవత్సరము జనవరినుండి అందు మొదటి భాగమునకు మార్కులు తెలుపుట మాని, గెలుపోటములను మాత్రమే తెలుపుచున్నారు. అందుచేత రెండవ భాగపు మార్కులకు విలువ హెచ్చినది. ఒకమారు గెలిచిన భాగమును మార్కులు పెంచుకొనుటకై మరల వ్రాయనీయరు. కాబట్టి కళాశాలలో తప్పినవాడు తొందరపడక, సిద్ధపడినపిమ్మటనే ఈ పరీక్షకు కూర్చుండవలెను. కొన్ని శిక్షణాలయములు తప్పినవారి దరఖాస్తులను చూడనే చూడవు. అట్టివానిని ముందే తెలిసికొని విడిచి, తక్కినవానికి వ్రాయుట వివేకము.

అడిగినప్పుడు ఏమని చెప్పవలెను? ఏమి జరిగెను, ఏల జరిగెను, పిమ్మట ఏమి మారెను, దానికి నిదర్శనమేమి యను నాలుగు సంగతులు క్లుప్తముగా చెప్పిన చాలును. "మొదటి సంవత్సరమున ఫిజియాలజీలో తప్పితిని. తెలుగున చదివి వచ్చితినిగాన ఆంగ్లగ్రంథములు తొలుత బోధపడలేదు. దినమునకు కొన్ని పుటలు చదివి నా మాటలలో తిరిగి వ్రాయుట అలవరచుకొంటిని. పునఃపరీక్షలో గెలిచితిని, తరువాతి పరీక్షలన్నియు మొదటి ప్రయత్నముననే ముగించితిని." ఇందు సాకు లేదు, ఉపాధ్యాయులపై నింద లేదు, తన్ను తాను తిట్టుకొనుటయు లేదు. కడపటి వాక్యము నిజమగుటకే విద్యార్థి పాటుపడవలెను. జరిగినది మార్చుట ఎవరి తరము గాదు. జరుగవలసినది మన చేతిలోనిది.

యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన ఈ మహనీయుడు మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు గెలిచెను. మదరాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్. పట్టము దొరకక, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. బోస్టను నగరము చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడై పొట్ట పోసికొనుచు హార్వర్డులో చదివెను. 1925లో ఫిస్కేగారితో కూడి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. పిమ్మట లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన డైఇథైల్‌కార్బమజీన్ మాత్రలనే బోదకాలు నివారణకై నేటికిని మన ప్రభుత్వమువారు పంచుచున్నారు. ఆయన 1948లో దివంగతుడయ్యెను. నాటి నియమములు వేరు, నేటివి వేరు. అందరును సుబ్బారావులు కాజాలరు. అయినను తప్పిన పరీక్ష మనుష్యుని తుది కొలత గాదని ఆ జీవితము చాటుచున్నది.

తల్లిదండ్రులకు ఒక మనవి. తప్పిన సంగతి ఇంటిలో చెప్పుటకు వణకు బిడ్డ, రేపు పరదేశమున అధికారుల యెదుట దానిని నిబ్బరముగా చెప్పజాలడు. సత్యము పలుకుట ఇంటనే అలవడవలెను. మూడుమారులు ప్రభువు నెరుగనని బొంకిన పేతురునకే సంఘమును మేపు పని అప్పగింపబడెను గదా!

విద్యార్థులారా! జె–1 వీసాపై అమెరికా వెళ్లు వైద్యులు శిక్షణ ముగిసిన పిమ్మట రెండేండ్లు స్వదేశమున నుండవలెనను నియమము కలదు. దానినుండి మినహాయింపు పొందువారును కలరు. మీకు అట్టి భాగ్యము కలిగిననాడు ఆ రెండేండ్లను శిక్షగా తలంపకుడు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోను, నల్లమల అంచునగల పల్లెలలోను వైద్యునికై ఎదురుచూచువారు కలరు. ఒకమారు పడి లేచిన వైద్యుడు, పడియున్న రోగిని మరింత దయతో చూడగలడని మా విశ్వాసము.