వారానికి 270 నిమిషాలు: ఇంగ్లిష్ క్లాసు లెక్కలు

జడ్పీ హైస్కూల్లో పదో తరగతి సెక్షన్ ఒకటి తీసుకుందాం. 45 మంది పిల్లలు. వారానికి ఆరు ఇంగ్లిష్ పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. కొన్ని బళ్లలో ఏడు పీరియడ్లుంటాయి, కొన్నిచోట్ల పీరియడ్ 40 నిమిషాలకే గంట కొట్టేస్తారు. మన లెక్కకు ఆరూ, నలభై ఐదూ చాలు. వారానికి 270 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. పదో తరగతికీ అదే కొలత పట్టుకుంటే వారానికి ఆరు రోజుల చొప్పున దాదాపు 37 వారాలు, మొత్తం 166 గంటలు. గడియారం ఆపకుండా లెక్కిస్తే ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ కూడా నిండవు. పరీక్షల రోజులు, వార్షికోత్సవం రిహార్సళ్లు, సారు ట్రైనింగుకు వెళ్లిన రోజులు ఇంకా తీసేయలేదు. “పదేళ్లు చదివాడు, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడలేడు” అని విసుక్కునే ముందు చూడాల్సిన అంకె ఇది.

దీన్ని తలసరికి దించితే ఇంకా చిన్నదవుతుంది. 270 నిమిషాల్లో మూడో వంతు పిల్లలు మాట్లాడటానికే వదిలేశారనుకుందాం. అది చాలా ఉదారమైన ఊహ. అప్పుడు 90 నిమిషాలను 45 మందికి పంచితే ఒక్కొక్కరికి వారం మొత్తంలో రెండు నిమిషాలు. అదే ఒక పీరియడ్‌లో పావుగంట సేపు బెంచీలో పక్కవాళ్లతో జంటలుగా మాట్లాడిస్తే ఒక్కో పిల్లకు ఏడున్నర నిమిషాలు దొరుకుతాయి. దాదాపు నాలుగు వారాల వంతు ఒక్క పావుగంటలో వచ్చినట్టు. గోల అవుతుంది, నిజమే. పక్క క్లాసు టీచరు తొంగి చూస్తారు. గోల లేని ఇంగ్లిష్ క్లాసులో మాట్లాడుతున్నది ఒక్కరే అన్నది కూడా అంతే నిజం.

ఇంకో చిన్న అంకె ఉంది, దానికి ఖర్చే లేదు. అమెరికాలో సైన్స్ క్లాసులను టేపుల్లో రికార్డు చేసి పరిశీలించిన మేరీ బడ్ రో 1970ల మొదట్లో ఒక విషయం బయటపెట్టారు. టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగే వ్యవధి సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపకుండా కూర్చోవడం తగ్గింది. ఆ పిల్లల్లో చాలామందికి క్లాసులో వాడే భాష ఇంటి భాషే. మన పిల్ల ప్రశ్నను ఇంగ్లిష్‌లో విని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లిష్‌లో కూర్చుకోవాలి. ఈలోగా మొదటి బెంచీ నుంచి జవాబు వచ్చేస్తుంది. పీరియడ్‌కు 20 ప్రశ్నలు అడిగే టీచరు ప్రతిదానికీ రెండేసి సెకన్లు అదనంగా ఆగితే పోయేది మొత్తం 40 సెకన్లు.

వారానికో పాఠం ఎందుకు?

2014లో వచ్చిన పదో తరగతి వాచకం ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్’లో 8 యూనిట్లు, యూనిట్‌కు మూడు పాఠాలు. మొత్తం 24. ఆంధ్రలో పుస్తకాలు ఆ తర్వాత మారాయి గానీ ఈ పరుగు ఏ పుస్తకానికైనా ఇంతే. జూన్ రెండో వారంలో బడి తెరిస్తే డిసెంబరు ఆఖరుకు 29 వారాలు. దసరాకు రెండు, టెస్టులకు ఒకటి తీసేస్తే 26. జనవరి నుంచి రివిజన్, స్పెషల్ క్లాసులు, ప్రీ ఫైనల్ కాబట్టి సిలబస్ ఆలోపే అవ్వాలి. అంటే 26 వారాల్లో 24 పాఠాలు. వారానికో పాఠం అన్నది బోధనా పద్ధతుల్లోంచి వచ్చింది కాదు, క్యాలెండర్ పెట్టిన లెక్క.

ఆ వారంలో పాఠం చదవడం, గ్లోసరీ, ప్రశ్నలు, వొకాబ్యులరీ, గ్రామర్, డిస్కోర్స్ రాయించడం అన్నీ పట్టాలి. డిస్కోర్స్ అంటే లేఖ, డైరీ, సంభాషణ, వార్త వంటి రచన. ఆరు పీరియడ్లకు ఆరు పనులు. శనివారం ఏదో మీటింగ్ పడిందంటే కోత పడేది దాదాపు ఎప్పుడూ డిస్కోర్స్‌కే. అది హోంవర్క్‌గా ఇంటికి పోతుంది. పిల్లలు సొంతంగా రాయాల్సిన ఒకే ఒక్క పని, సాయం చేసేవాళ్లు లేని చోటికి వెళ్తుందన్నమాట. నా దృష్టిలో వారం మొత్తం మీద జరిగే పెద్ద నష్టం ఇదే.

ఆ నష్టం ఎవరికి ఎంత అనేదానికి ఒక అంచనా ఉంది. అసర్ సంస్థ 2023లో 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్లవారు 34,745 మందిని పరీక్షించింది. ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతం. వారిలో అర్థం చెప్పగలిగినవారు 73.5 శాతం. రెండూ గుణిస్తే నూటికి 42 మందే చదివి అర్థం చేసుకున్నట్టు. మన సెక్షన్ అచ్చం ఆ సగటులాగే ఉందనుకుంటే 45 మందిలో 19 మంది చదివి అర్థం చెబుతారు, ఏడుగురు చదువుతారు గానీ అర్థం చెప్పలేరు, మిగతా 19 మందికి వాక్యం చదవడమే కష్టం. బోర్డు మీద రాసే హోంవర్క్ మాత్రం అందరికీ ఒక్కటే.

ఇరవై నిమిషాల కోటా

2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట, తొమ్మిది పైన రోజుకు రెండు గంటలు దాటకూడదంది. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. 120 నిమిషాలను ఆరుతో భాగిస్తే ఇంగ్లిష్ వాటా 20 నిమిషాలు. అమెరికాలో హారిస్ కూపర్ పేరుతో ప్రచారంలో ఉన్న కొలత కూడా దీనికి దగ్గరే: తరగతికి పది నిమిషాలు, అంటే పదో తరగతికి 100. ఆయన బృందం 2006లో పాత అధ్యయనాలను కలిపి చూస్తే, హైస్కూలు పిల్లల్లో హోంవర్క్‌కూ మార్కులకూ సంబంధం చిన్న తరగతుల కంటే గట్టిగా కనిపించింది. అయితే రోజుకు రెండు గంటలు దాటాక అదనపు లాభం కనబడలేదు. రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్ పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలు ఈ రెండో వాక్యం ఎప్పుడూ చదివినట్టు లేవు.

సరే, ఆ 20 నిమిషాల్లో ఏం చేయించాలి? నిమిషానికి 15 మాటలు రాసే పిల్ల గైడులో చూసి 300 మాటలు ఎక్కించగలదు. రెండు పేజీలు నిండుతాయి, నోట్సు నిండుగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లూ తృప్తి పడతారు. సొంతంగా రాయమంటే అదే సమయంలో ఆరు వాక్యాలు వస్తాయి, అందులో నాలుగు తప్పులు. నేర్చుకునేది ఆ ఆరు వాక్యాల్లోనే.

ఇక్కడ బెంగళూరు అనుభవం పనికొస్తుంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బళ్లలో ఒక ప్రయోగం నడిచింది. గ్రామర్ సూత్రాలు ముందుగా చెప్పకుండా, రైల్వే టైం టేబుల్ చూసి జవాబు చెప్పడం వంటి పనులు ఇచ్చేవారు. మొదట టీచరు క్లాసంతటితో కలిసి ఒక పని చేస్తారు. తర్వాత అలాంటిదే ఇంకోటి పిల్లలు ఎవరికి వారే చేస్తారు. పని బరువు సరిపోయిందో లేదో చూడటానికి ఆయన ఒక మోటు కొలత పెట్టుకున్నారు: కనీసం సగం మంది, కనీసం సగం పని సరిగ్గా చేయగలగాలి. అన్నట్టు, జంటల్లో మాట్లాడించడం మీద ప్రభుకు పెద్ద గురి లేదు. తప్పు ఇంగ్లిష్ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని ఆయన సందేహం. రెండు నిమిషాల తలసరి లెక్క చూశాక నేను మాత్రం జంటల వైపే ఉంటాను.

మన సెక్షన్‌లో సగమంటే 23 మంది. చదివి అర్థం చెప్పేవారే 19 మంది అయినప్పుడు “పేజీ 47 ప్రశ్నలకు జవాబులు రాసుకురండి” అన్న హోంవర్క్ ఆ కొలతకు అందదు. మిగిలినవాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఉదయం ప్రేయర్‌కు ముందు వరండాలో ఒక నోట్సు చుట్టూ నలుగురు కూర్చుని ఎక్కించేసుకుంటారు.

పైన చెప్పిన పదో తరగతి వాచకంలో 1957 నాటి ‘మాయాబజార్’ మీద ఒక సమీక్ష ఉంది. అలాంటి పాఠం తర్వాత సినిమా సమీక్ష రాసుకురమ్మంటే గైడులోని సమీక్షే 45 నోట్సుల్లో దిగుతుంది. బదులుగా గురువారం పీరియడ్‌లో బోర్డు మీద అందరూ కలిసి ఆరు వాక్యాలు కట్టొచ్చు. సినిమా పేరు, ఎవరు నటించారు, కథ ఎవరి గురించి, అతనికి ఏం కావాలి, ఎవరు అడ్డుపడ్డారు, నాకు నచ్చిందా. ఇంటికి వెళ్లి ఎవరు చూసిన సినిమా మీద వాళ్లు అవే ఆరు వాక్యాలు రాయాలి. చదవడమే కష్టమైన 19 మందికి వాక్యాల మొదలు ఇచ్చి ఖాళీలు నింపమనొచ్చు. ముందున్న 19 మందికి ముగింపు ఎందుకు నచ్చలేదో ఇంకో రెండు వాక్యాలు అడగొచ్చు. గైడు దీనికి పనికిరాదు, ఎందుకంటే పోయిన ఆదివారం ఆ పిల్లవాడు టీవీలో ఏ సినిమా చూశాడో గైడు రాసినాయనకు తెలీదు.

ఎర్ర ఇంకు లెక్క

హోంవర్క్ ఎంత ఇవ్వాలన్న చర్చ అంతా పిల్లల సమయం చుట్టూనే తిరుగుతుంది. అసలు హద్దు గీసేది టీచరు సమయం. ఒక స్కూల్ అసిస్టెంట్‌కు ఇలాంటి సెక్షన్లు నాలుగు ఉంటే 24 పీరియడ్లు, 180 నోట్సులు. వారంలో ఐదు రోజులు హోంవర్క్ ఇస్తే 900 సార్లు నోట్సు తెరవాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 30 గంటలు. రోజుకు ఎనిమిది పీరియడ్ల చొప్పున వారానికి 48 ఉంటే ఆ టీచరుకు లీజర్ పీరియడ్లు 24, అంటే 18 గంటలు. సెలవు పెట్టినవాళ్ల క్లాసులు, మధ్యాహ్న భోజనం డ్యూటీ, యాప్‌లలో ఎక్కించే వివరాలు అన్నీ ఆ 18లోంచే పోవాలి. 30 గంటల పని అందులో పట్టదు. అందుకే పేజీకి అడ్డంగా ఒక పెద్ద టిక్కు, కింద సంతకం, తేదీ. టిక్కు పడిన పేజీలో ‘ఐ యామ్ లైక్ దిస్ ఫిల్మ్’ అలాగే ఉంటుంది. పిల్లకు తెలిసేది మాత్రం అది రైటనే.

వారానికి ఒక్క రచన, అదీ ఆరేడు వాక్యాలు పెడితే లెక్క తిరగబడుతుంది. వారానికి ఒక సెక్షన్‌ను వంతు వేసుకుని నోట్సుకు నాలుగు నిమిషాలు పెడితే 45 నోట్సులకు మూడు గంటలు. ప్రతి పిల్ల రాతా నెలకోసారి క్షుణ్నంగా చూసినట్టవుతుంది. మిగతా సెక్షన్లలో పది నోట్సులు తిరగేస్తే చాలు, క్లాసులో ఎక్కువమంది చేస్తున్న తప్పులు రెండో మూడో బయటపడతాయి. ‘ఐ యామ్ లైక్’ పదింట్లో నాలుగు చోట్ల కనిపించిందంటే బోర్డు మీద ఐదు నిమిషాల పని. క్షుణ్నంగా చూసేటప్పుడు కూడా టీచరే దిద్దనక్కర్లేదు. తప్పు కింద గీత గీసి, కాలం తప్పయితే టి, స్పెల్లింగయితే ఎస్పీ అని గుర్తు పెట్టి వదిలేస్తే పిల్ల తనే సరిచేసుకుని తెస్తుంది. నాలుగు నిమిషాల్లో అది సాధ్యం. వాక్యాలన్నీ తిరగరాస్తూ కూర్చుంటే పది నిమిషాలు కూడా చాలవు.

తెలంగాణలో పదో తరగతికి ఏళ్ల తరబడి 80 మార్కులు వార్షిక పరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి ఉంటూ వచ్చాయి. ఆ 20లో నోట్సు రాతలకు ఐదు. ఆ ఐదూ వచ్చేది నోట్సు నిండుగా ఉన్నందుకా, రాత మెరుగైనందుకా అన్నది తల్లిదండ్రులు అడగదగ్గ ప్రశ్న. ఆంధ్రలో ప్రశ్నపత్రమే 100 మార్కులకు.

పదాల సంగతి చూస్తే లెక్క కాస్త ఆశ పుట్టిస్తుంది. 1920లలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ముందు చదవడం పట్టుబడాలని వాదించి సులభ వాచకాలు రాశాడు. 1953లో 2000 ముఖ్య పదాల జాబితా ప్రచురించాడు. మామూలు ఇంగ్లిష్ రాతలో ఎక్కడ చూసినా దాదాపు 80 శాతం ఆ పదాలే. వారానికి పది కొత్త పదాలు నిలబడితే ఏడాదికి 370, ఆరు నుంచి పది దాకా 1,850. వెస్ట్ జాబితా ఇంచుమించు పూర్తయినట్టే. చిక్కంతా నిలబడటంలో ఉంది. గ్లోసరీలో ఒకసారి కనిపించిన పదం మళ్లీ మళ్లీ ఎదురుపడకపోతే జారిపోతుంది. సోమవారం ఐదు నిమిషాలు పోయిన వారం పదాలు, నెల మొదట్లో పోయిన నెల పదాలు డిక్టేషన్ చెబితే కొంత ఆగుతాయి. ఆపైన ఇంగ్లిష్ పేపరో నవలో ఎవరినీ అడగకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక పదమూ దాని రూపాలూ కలిసి ఒక కుటుంబం) కావాలని పదాల మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. అవి ఏ పీరియడ్‌లోనూ రావు, బడి లైబ్రరీ బీరువా తాళం తీస్తే రావచ్చు.

ఇక దసరా సెలవులు. 13 రోజులు అనుకుంటే రోజుకు 20 నిమిషాల చొప్పున 260 నిమిషాలు, ఒక వారం ఇంగ్లిష్ క్లాసులకు పది నిమిషాలే తక్కువ. ఆ కాలానికి మామూలుగా ఇచ్చేది మూడు పాఠాల ప్రశ్నలూ జవాబులూ ఐదేసిసార్లు రాసుకురమ్మని. అది ఆఖరి రాత్రి పూర్తవుతుంది, అక్క కూడా ఒక చేయి వేస్తుంది. తెరిచిన రోజున 180 లావుపాటి నోట్సులు స్టాఫ్ రూమ్ బల్ల మీదకు చేరతాయి. ఒక పలచని కథల పుస్తకం, రోజుకు రెండు పేజీలు పైకి చదివి ఆ కథ ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పడం, చివర్లో ఆరు వాక్యాలు రాయడం పెడితే ఆ 260 నిమిషాలకూ పని ఉంటుంది. వినడానికి అమ్మకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. దిద్దడానికి టీచరుకు పిల్లకు ఒకే పేజీ.