చిల్లరలోని చరిత్రము



గృహిణి చేతిమీదుగా దినమునకెన్ని నాణెములు నడచుచున్నవో లెక్కించువారు లేరు. కూరలంగడిలో వచ్చిన చిల్లర పోపులపెట్టెలో జేరును. మరునాడు పాలవానికి బోవును. ఆ నడుమ వానిని గొంచెము పరిశీలించినచో చరిత్రము మన యరచేతిలోనే కానవచ్చును. నాణెముల సేకరణము ధనవంతుల వేడుకయని యనుకొనరాదు. రూపాయి నాణెమును దాచుకొనుటకు రూపాయియే వ్యయము; విసుగు పుట్టినచో నది మరల నంగడిలో జెల్లును. మా నర్సీపట్నము వంటి యూరిలో నుండియు దీనిని సుఖముగా సాగింపవచ్చును.

క్రొత్తగా ప్రారంభించువారు మిలమిలలాడు నాణెముల నేరి, మాసినవానిని విడిచిపెట్టుదురు. ఇది సహజమే గాని, మెఱుపు మూడు విధములుగా గలుగునని మొదట దెలిసికొనవలెను.

మొదటిది టంకశాలలో వచ్చిన మెఱుపు. అట్టి క్రొత్త నాణెమును దీపపు వెలుతురున నటునిటు వాల్చినచో కాంతి బండిచక్రపు టాకులవలె దానిపై దిరుగును. అక్షరముల యంచులు పదునుగా నుండును. ఇది దాచదగినది.

రెండవది లోహమునుబట్టి వచ్చునది. 1992 మొదలు వచ్చిన రూపాయలు తుప్పుపట్టని యుక్కువి. ఎన్ని చేతులు మారినను తెల్లగనే యుండును. 1983 మొదలు 1991 వఱకు ముద్రించినవి రాగియు నికెలును గలిపినవి. పిల్లల యయస్కాంతమును దగ్గఱ జేర్చినచో మొదటివి యంటుకొనును, రెండవవి యంటుకొనవు. ఈ యొక్క పరీక్షతో గుప్పెడు చిల్లరను రెండు కుప్పలు చేయవచ్చును.

మూడవది తోమగా వచ్చిన మెఱుపు. దీనినిగూర్చియే మనకు ముఖ్యముగా జెప్పుకొనవలసియున్నది. శుక్రవారమునాడు దీపపుకుందులను చింతపండుతో దోమినట్లే, పూజాపీఠముపైనున్న పాత రాగి కానులను, 1968 మొదలు 1971 వఱకు వచ్చిన తామరపువ్వు గుర్తుగల పసుపుపచ్చని యిరువది పైసల బిళ్లలను దోముట మన యిండ్లలో నలవాటు. కుందులకు దోషము లేదు; నాణెమునకు మాత్రము తీరని నష్టము. రాగిపై గట్టిన గోధుమవన్నె పొర మురికి గాదు. లోహము గాలితో గలిసి తనకు దాను గల్పించుకొన్న కవచము. చింతపండు పులుపు దానిని గరగించును. బూడిదయు పీచును సన్నని గీతలు పెట్టును. అటుపిమ్మట వచ్చు నెఱ్ఱని తళుకును జూచి బాలలు సంతసింతురు గాని, ఎఱిగినవారు దానికి విలువ గట్టరు. పోయిన పొరను మరల దెచ్చు నుపాయము లేదు. కావున వ్రతమునకు గొన్ని నాణెములను ప్రత్యేకించి, తక్కినవానిని దోమకయే యుంచుడు. మట్టియున్నచో మంచినీట ముంచి, రుద్దక, మెత్తని గుడ్డతో నద్దిన జాలును.

మెఱుపుకంటె ముందు చూడవలసినవి సంవత్సరమును, దానిక్రింది గుర్తును. నేటి చిల్లరలో నక్షత్రము హైదరాబాదు టంకశాలది; వజ్రపు టాకారము ముంబయిది; గుండ్రని చుక్క నోయిడాది; ఏ గుర్తును లేనిది కలకత్తాది. ఒక్క రూపాయినే తీసికొని, ఏటికేటికి, టంకశాలకొకటి చొప్పున గూర్చుట మంచి యారంభము.

పాతపెట్టెలలో నింకను పూర్వకాలపువి దొరకును. 1957 ఏప్రిలు 1కి బూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు, కానికి 3 దమ్మిడీలు. యుద్ధకాలమున రాగిని పొదుపుచేయుటకై 1943లో నడుమ రంధ్రముగల కానిని ముద్రించిరి. పెద్దలు చెప్పు చిల్లికాని యదియే. 2011 జూను 30తో 25 పైసలును, అంతకు దక్కువవియు చెల్లుబడి కోల్పోయినవి. చెల్లవుగదా యని పాతసామానులవానికి దూచి యిచ్చినచో నవి మూసలో గరగిపోవును. అమ్మమ్మలు దమ్మిడీలతో సంసారము దిద్దుకొన్న కాలపు జాడయు వానితోనే పోవును.

పాతనాణెమునకు లక్షలిత్తుమని చెప్పి, ముందుగా రుసుము గోరువారిని నమ్మకుడు. తన పేరుతో నిట్టి మోసములు జరుగుచున్నవని రిజర్వు బ్యాంకు 2021 ఆగష్టులో హెచ్చరించినది.

నాణెము నంచులతో బట్టుకొనవలెను. చేతిచెమట ముఖమును మచ్చపఱచును. మెత్తని ప్లాస్టిక్ సంచులలో రాగికి బచ్చని చిలుము పట్టవచ్చును. కాగితపు పొట్లము మేలు. కుమార్తె చేతికొక చిన్న పుస్తకమిచ్చి సంవత్సరమును, గుర్తును, లోహమును వ్రాయించుడు. తళుకునకు మురియక, వివరమెఱిగి విలువ గట్టు నలవాటు నాణెములకే గాక సంసారమునకు నుపకరించును.